ఆరో పలక కీలు

నమోదు 1. సోమవారం, గాలి లేదు

ఇవాళ పిల్లల చేతికి సుత్తులు ఇచ్చాను. అందరూ వాటిని మెడ దగ్గర పట్టుకున్నారు, కోడిపిల్లను పట్టుకున్నట్టు. ఒక పిల్లాడు అటూ ఇటూ తిప్పి చూసి, "దీన్ని ఏటి నొక్కితే పని సేస్తాది టీచర్?" అని అడిగాడు. వాడి పేరు గురువులు. "నొక్కడానికేం లేదు గురువులూ, ఎత్తి కొట్టడమే" అన్నాను. టీచరే వాణ్ని గురువులూ అని పిలిచేసరికి మిగతావాళ్ళు విరగబడి నవ్వారు. దాంతో నా బెరుకు కూడా కొంత తీరింది.

వీళ్ళు పదకొండు, పన్నెండేళ్ళ పిల్లలు. అలలపాలెంలోనే పుట్టారు. ఊరంతా సముద్రం మీద తేలే ఇనప పలకల మీద ఉంటుంది. పలకకీ పలకకీ మధ్య పెద్ద పెద్ద కీళ్ళు. అల వస్తే ఊరు చాపలా వంగి మళ్ళీ సర్దుకుంటుంది. ఇక్కడ ఏది పాడైనా పీతలు వస్తాయి. పీతలంటే మరమ్మతు యంత్రాలు. పలకల అడుగునుంచి పాక్కుంటూ ఎక్కి వచ్చి, ఊడిన తలుపు బిగించి, కారే కుళాయి మార్చి, చప్పుడు చేయకుండా దిగిపోతాయి. వస్తువు చేయడమూ బాగుచేయడమూ మనుషుల పని అని ఈ పిల్లలకు ఎవరూ చెప్పలేదు, చెప్పే అవసరం రాలేదు.

ఇప్పుడు పీతలు ముసలివైపోతున్నాయి. వాటిని తయారుచేసే ఫ్యాక్టరీ గట్టు మీద మూతపడింది. గట్టు అంటే ఇక్కడివాళ్ళ మాటలో నేల. అందుకే ఊరి సభ ఒక పనిబడి పెట్టి, గట్టు మీద ఓడల మరమ్మతు షెడ్డులో టర్నర్‌గా ఉన్న నన్ను, జామి నూకరత్నాన్ని, ఇనుమును తిప్పుతూ చెక్కే లేతు మిషనుతో సహా పడవెక్కించి తెచ్చుకుంది. పిల్లలకు చేతి పనులు పరిచయం చేయాలి. ఆ పనులతో బతుకు ఉందని చూపించాలి. వానాకాలం వెళ్ళాక ఇక్కడి పిల్లలు తమ దారి ఎంచుకుంటారు: నాచు సాగు, వాతావరణం, వైద్యం, పడవ నడపడం, పీతలను నడిపే తెరల కాపలా. వాటి పక్కన చేతిపని కూడా ఒక దారి కావాలి. ఒక్కరూ ఎంచుకోకపోతే పనిబడి ఎత్తేస్తారు, లేతును కరిగించేస్తారు. ఆ సంగతి నాకు ముందే చెప్పారు.

నమోదు 4. గురువారం

"ఈ పనులు సేసీవోళ్ళని సూపించండి టీచర్" అని దాలి అడిగింది. సన్నగా, పొడుగ్గా ఉండే పిల్ల. ఏ మాటనూ ఊరికే వదలదు.

ఎక్కడని చూపించను? ఊళ్ళో ఫిట్టరు లేడు, వెల్డరు లేడు. అందుకని తలా ఒక సుద్దముక్క ఇచ్చి పలకలన్నీ తిప్పాను. కనబడిన ప్రతి వస్తువు మీదా దాన్ని చేసిన మనిషి పని పేరు రాయాలి. రెయిలింగు మీద వెల్డర్ అని రాశారు. పంపు మోటారు మీద తీగ చుట్టే వైండర్, బెంచీ మీద వడ్రంగి. ఊరి సభ హాలు ముందు పాత ఓడ ప్రొపెల్లరు ఒకటి నిలబెట్టి ఉంది, మనిషి ఎత్తున. దాన్ని మడిచి చేశారని గురువులు, చెక్కి చేశారని దాలి చాలాసేపు వాదించుకున్నారు. కంచు కరిగించి అచ్చులో పోత పోశారనీ, ఆ అచ్చుకు ముందుగా కర్రతో నమూనా చేసేవాడు వేరే ఉంటాడనీ చెబితే ఇద్దరూ నోరు తెరిచారు.

"కర్రతో సేసీవోడు కర్రతోనే బతికీగలడా?" అంది దాలి.

"గట్టు మీద వాళ్ళ కోసం షెడ్డులు కొట్టుకుంటాయి" అన్నాను.

"ఆడోళ్ళు సేస్తారా ఇవన్నీ?"

"నేనెవరినే?"

ఆ పిల్ల నన్ను పైనుంచి కిందికి కొత్తగా చూసింది.

సాయంత్రానికి ఊరంతా సుద్ద రాతలే. ఊరిపెద్ద ఎల్లాజీ గారు దారిలో ఆపి, "టీచరమ్మా, మా ఇంటి మెట్ల మీద కూడా రాసీసినారు. నా బొజ్జ ఒక్కటే మిగిలింది" అన్నారు. తుడవమని మాత్రం అనలేదు.

నమోదు 9. మబ్బు

దాలి వేలు తెగింది. గాయం పెద్దది కాదు. రంపంతో కోసిన ఇనప ముక్క అంచున సన్నటి ముళ్ళు లేస్తాయి. ఆకురాయితో రాసి వాటిని తీసేదాకా అంచు తాకకూడదని చెప్పాను. తను కోసిన మొదటి ముక్క కదా, హుషారులో చెయ్యి పెట్టేసింది. నేను కట్టు కడుతుండగానే వాళ్ళమ్మ వచ్చింది.

ఆవిడ పేరు దుంపల సత్యవేణి. పీతల గదికి పెద్ద. తెరల ముందు కూర్చుని పీతలన్నిటినీ నడిపేది ఆవిడే. గుమ్మం దాటి లోపలికి రాలేదు.

"నాను తగువుకి రాలేదు టీచరమ్మా. మా నాన్న ఈ ఊరు కట్టినప్పుడు కీళ్ళు బిగించీవోడు. కుడిసేతి ఏళ్ళు నాలుగూ మూడో పలక కింద పోయినాయి. అన్నం కూడా మా అమ్మే కలిపి పెట్టీది. పీతలొచ్చినాక ఈ ఊళ్ళో ఒక్క సెయ్యి పోలేదు. మళ్ళీ మా గుంట సేతికి ఇనుమెందుకు, సెప్పు?"

"అమ్మా, టీచర్ ముందే సెప్పింది, నానే మర్సిపోయేను" అంది దాలి.

"నడు."

నేను మిగిలిన గుడ్డపీలికలు డబ్బాలో సర్దాను. ఆ పిల్ల వెళ్తూ వెళ్తూ తను కోసిన ఇనప ముక్కను బల్ల మీద సరిగ్గా పెట్టి వెళ్ళింది.

నమోదు 11

ఒకరిని చూసి ఒకరు మానేశారు. ఇవాళ గురువులూ, ఇంకో ముగ్గురూ వచ్చారు. ఆకురాయి పట్టడం నేర్పాను. గది నిండా ఖాళీ బల్లలు. పిల్లలు రాకపోతే దారి ఎంచుకునేవాళ్ళు ఎక్కణ్ణుంచి వస్తారు?

నమోదు 15. బుధవారం, పడమటి గాలి

పనిబడి ఉన్నది ఆరో పలక మీద. దాలి వాళ్ళిల్లూ ఇక్కడే. పొద్దున్నుంచి పలక కీచుమంటోంది, నూనె లేని గిలకలా. మధ్యాహ్నం ఊరి సభకు పిలుపు వచ్చింది.

సత్యవేణి నిలబడి చెప్పింది. ఐదో పలకకూ ఆరో పలకకూ మధ్య రెండు కీళ్ళున్నాయి. వాటిలో ఉత్తరపు కీలును చూసుకునే పీత ఆగిపోయింది. మిగతా పీతల దగ్గర ఆ కీలుకు పట్టే సామాను లేదు, ఇక రాదు కూడా.

ఎల్లాజీ గారు బొంగురు గొంతుతో అన్నారు: "తుపాన్లో ఆ కీలు ఊడితే ఆరో పలక తిరిగొచ్చి ఐదోదాన్ని గుద్దేస్తాది. ముందే కోసీసి గట్టుకి లాగించీడం మంచిది. అక్కడి కుటుంబాల్ని మిగతా పలకలోళ్ళు తలా కొందర్ని ఇంట్లో పెట్టుకోవాల."

వెనక వరసలో కొందరు అప్పుడే లేచి మూటలు కట్టుకోవడానికి వెళ్ళిపోయారు. నేను చెయ్యెత్తి, ఒకసారి కీలు చూడనివ్వమని అడిగాను. గురువులు వాళ్ళ నాన్న తాతారావు నాకు తోడుగా కీలు గదిలోకి దిగాడు. నాచు తాళ్ళు లాగి లాగి మోకులా తేలిన మనిషి. దీపం పట్టుకుని చూశాం. కీలు తిరిగే ఇరుసు చుట్టూ ఒక కంచు తొడుగు ఉంటుంది. బుష్ అంటాం. ఇనుమూ ఇనుమూ రాసుకోకుండా మధ్యన తాను అరిగేది అదే. అది అరిగి అరిగి తమలపాకులా మిగిలింది.

పైకి వచ్చి, "ఇది చేయొచ్చు" అన్నాను.

"దేంతో?"

"హాలు ముందున్న ప్రొపెల్లరుతో. దాని నడిమి దిమ్మ అసలైన కంచు. ఇంత మందం కంచు గట్టు మీద కూడా దొరకదు."

సభలో గోల మొదలైంది. అది ఈ ఊరి మొదటి ఓడదట. దాని ముందు నిలబడే పెళ్ళి ఫోటోలు తీయించుకుంటారట. ఎల్లాజీ గారు తల అడ్డంగా ఊపుతుంటే తాతారావు లేచాడు. "ఫోటోకి ఇంకేదైనా ఎతుక్కుందుము పెద్దా. పలక పోతే ఎక్కడ ఎతుకుతాం?" అన్నాడు.

తేల్చడానికి సాయంత్రం దాకా పట్టింది. చివరికి సరేనన్నారు.

నమోదు 16

పొద్దున్నే సత్యవేణి వచ్చింది. ఈసారి లోపలికి వచ్చింది.

"బుష్ మార్సాలంటే ఎవులో ఆ కీల్లో సెయ్యెట్టాల కదా. ఎవులు పెడతారు?"

"నేనే."

"నీ సేతులు సూపించు."

చాపాను. పాత కాలిన మచ్చలు, ఒక నల్లబడిన గోరు, అరచేతి నిండా కాయలు. ఆవిడ బెండకాయలు ఏరినట్టు ఒక్కొక్క వేలూ నొక్కి చూసింది. పదీ ఉన్నాయి.

"ఎన్నేళ్ళయింది ఈ పన్లోకొచ్చి?"

"ఇరవై దాటాయి."

"మరి ఎలగ మిగిలినాయి?"

"నాకు పని నేర్పినావిడ ముందు మిషను ఆపడం నేర్పింది, తర్వాతే నడపడం. పిల్లలకు నేనూ అదే వరసలో చెబుతున్నాను. అయినా సత్యవేణమ్మా, మీ నాన్నగారి రోజుల్లో పలకను ఎత్తి పట్టుకునేవి లేవు. ఇప్పుడు మీ పీతలున్నాయి. నేను లోపల ఉన్నంతసేపూ పలక బరువు మీరు మొయ్యాలి. వేరేవాళ్ళు తెర ముందు కూర్చుంటే నేను దిగను."

ఆవిడ నా చేతులు వదిలింది.

"రెండు పీతలు సాలతాయి. నాను మూడు పెడతాను" అంది. గుమ్మం దగ్గర ఆగి, వెనక్కి తిరక్కుండానే, "దాలి రేపట్నించి వొస్తాది. సేతులకి తోలు తొడుగులు ఇయ్యి" అంది.

ఆవిడ వెళ్ళాక అరలో వెతికి, చిన్న చేతులకు పట్టే తోలు తొడుగులు తీసి పెట్టాను.

నమోదు 22. ఉక్క

దిమ్మను కోసి లేతు మీద ఎక్కించాం. మిషను తిరిగేటప్పుడు పిల్లలు పసుపు గీత ఇవతలే నిలబడాలి. నిలబడుతున్నారు. కంచు పొట్టు బంగారు రంగులో చుట్టలు చుట్టుకుని రాలుతుంటే మెడలు చాచి చూస్తున్నారు. దాలి వచ్చిందని విని మిగతావాళ్ళూ ఒక్కొక్కరే తిరిగొచ్చారు. కిటికీల దగ్గర తల్లిదండ్రులు నిలబడి చూస్తున్నారు. గురువులు వాళ్ళ దగ్గరకెళ్ళి జరుగుతున్నదంతా తను కనిపెట్టినట్టే చెబుతున్నాడు. పనిలో వాడి చెయ్యి అంత కుదురు కాదు, మాట మాత్రం మంచి కుదురు.

తొడుగును నిలువునా కోస్తే రెండు దొన్నెల్లా వచ్చింది. ఇక నునుపు చేయడం చేతి పని. ఇరుసు కొలతకే ఒక నకలు ఇరుసు తిప్పి పెట్టాను. దానికి నీలం రంగు పూసి దొన్నెను దాని మీద ఆనిస్తే, ఎక్కడ ఎత్తుందో అక్కడ నీలం అంటుతుంది. అంటిన చోట స్క్రేపర్‌తో గీకాలి. మళ్ళీ పూయాలి, మళ్ళీ ఆనించాలి, మళ్ళీ గీకాలి. నీలం అంతటా సమానంగా అంటేదాకా ఇంతే. పిల్లలు వంతులేసుకుని చేస్తున్నారు.

"ఇది ఒకటే పని ఎన్నిసార్లు టీచర్?" అని ఒకడు విసుక్కున్నాడు.

"ఒకటే పని కాదురా, ప్రతిసారీ నీలం వేరే సోట అంటుతున్నాది, సూడు" అంది దాలి.

వాయుగుండం లేచిందని వాతావరణం వాళ్ళు చెప్పారు.

నమోదు 26. శనివారం, గాలి పెరుగుతోంది

ఇవాళ బిగించాలి. రేపటికి తుపాను.

మూడు పీతలూ పలకను ఎత్తి పట్టుకున్నాయి. సత్యవేణి గొంతు గోడలోని మైకులో వినిపిస్తోంది: "పట్టుకున్నాను, దిగండి." నేనూ తాతారావూ దిగాం. పాత బుష్ ముక్కలు తేలిగ్గానే వచ్చాయి. కింది దొన్నె కూర్చుంది. పై దొన్నె కూర్చోలేదు. నెట్టాం, చెక్క దిమ్మ పెట్టి కొట్టాం. ఒక పక్క కూర్చుంటే రెండో పక్క లేస్తోంది.

అప్పుడు తట్టింది. నా నకలు ఇరుసు గుండ్రంగా ఉంది. ఇన్నేళ్ళు అరిగిన అసలు ఇరుసు గుండ్రంగా లేదు, కోడిగుడ్డు వాటంగా ఉంది. ఇంత పనీ వృథా అయిపోయిందనుకున్నాను.

"ఏటైంది?" అంది సత్యవేణి.

"మీరింకా ఎంతసేపు పట్టుకోగలరు?"

"నువ్వు పైకొచ్చీదాకా పట్టుకుంటాను. నన్నడక్కు, పని సూడు."

అసలు ఇరుసుకే నీలం పూశాను. దొన్నెను ఆనించి తీస్తే, తాతారావు తాడుతో పైకి పంపాడు. పైన పలక మీద, కీలుకు దూరంగా, గాలి తగలకుండా టార్పాలిన్ కట్టి పిల్లలు కూర్చున్నారు. దొన్నె అందుకుని, నీలం అంటిన చోట గీకి, తుడిచి, కిందికి దించారు. మళ్ళీ ఆనించాం. మళ్ళీ పైకి వెళ్ళింది. నేను కింద ఉన్నాను కాబట్టి ఎక్కడ గీకాలో, ఎంత గీకాలో చెప్పేవాళ్ళు పైన లేరు. దొన్నె దిగినప్పుడల్లా ఎక్కువ గీకేశారేమోనని దీపం దగ్గర తిప్పి చూశాను. ఎక్కువ తీస్తే దాన్ని పూడ్చే దారి లేదు. పైనుంచి దాలి గొంతు వినబడుతూనే ఉంది. "ఆగండర్రా, అక్కడ ఇంక వొద్దు. ముందు తుడిసి సూద్దుం."

వాన చినుకులు మొదలయ్యాక దొన్నె ఇంకోసారి కిందికి వచ్చింది. ఆనించాను. బొటనవేలితో నొక్కితే, తలుపు గడియ పడ్డట్టు, ట్క్ మని కూర్చుంది.

తాతారావు నా మొహం చూసి, "అయిపోనాదా?" అన్నాడు.

తల ఊపాను. బోల్టులు బిగించి గ్రీజు పట్టించి పైకి వచ్చేశాం. సత్యవేణి పీతలను నెమ్మదిగా దించింది. పలక బరువంతా కొత్త కంచు మీదకు దిగుతుంటే ఒక్కసారి ఊరంతా మూలిగినట్టయింది. తర్వాత ఏ చప్పుడూ లేదు.

నమోదు 28. సోమవారం, ఎండ

తుపాను దాటిపోయింది.

నిన్నంతా మూడో పలక హాల్లో అందరం ఒకరి మీద ఒకరం కూర్చున్నాం. అల కొట్టినప్పుడల్లా హాల్లో ఉన్నవాళ్ళందరూ ఆరో పలక వైపు చెవులు రిక్కించారు. ఇవాళ పొద్దున్న గాలి తగ్గాక ఎల్లాజీ గారితో కలిసి వెళ్ళి చూశాం. రెయిలింగు కొంత వంగింది, రెండు నీళ్ళ ట్యాంకులు ఎగిరిపోయాయి. కీలు మాత్రం పిల్లి నడిచినట్టు తిరుగుతోంది. కొత్త కంచు అంచున ఒక్క గీత లేదు.

ఎల్లాజీ గారు గోడకు జారబడి కూర్చుని తలపాగాతో మొహం తుడుచుకున్నారు. "ఇంక పడుకుంటాను టీచరమ్మా" అని అక్కడే, ఆ తడి పలక మీదే, కళ్ళు మూసుకున్నారు. ఆరో పలకవాళ్ళు మూటలు నెత్తిన పెట్టుకుని ఆయన్ని దాటుకుంటూ ఇళ్ళకు వెళ్ళారు. పక్కలు ఎండకు వేశారు. పొయ్యిలు వెలిగించారు. సత్యవేణి మాత్రం ఇంటికి వెళ్ళేముందు కీలు గదిలోకి దిగి, కొత్త బుష్ మీద చెయ్యి ఆనించి వచ్చింది. ఆవిడ అక్కడికి దిగడం అదే మొదటిసారట. మధ్యాహ్నం వాళ్ళింట్లో నాకు చేపల పులుసు పెట్టింది. మూడుసార్లు వడ్డించుకున్నాను.

నమోదు 34. దారి రోజు

పిల్లలు ఒక్కొక్కరే లేచి తమ దారి చెప్పాలి. గురువులు వాతావరణం అన్నాడు. తుపాను వస్తోందని ముందుగా ఊరికి చెప్పే పని తనకు బాగుంటుందట. వాడి గొంతుకు అది తగిన పనే, ఒప్పుకోవాలి. నాచు సాగు ఇద్దరు, వైద్యం ఇద్దరు అన్నారు. నేను గోడకు ఆనుకుని నిలబడి గోళ్ళు కొరుక్కుంటున్నాను.

దాలి లేచింది. "సేతిపని" అంది. "నాకు పీతల్ని విప్పాలనున్నాది. అయి ఆగిపోతే పారేస్తన్నాం. లోపల ఏటి పోయిందో ఎవులూ సూడ్డం నేదు."

హాల్లో నవ్వులు. పీతల గది పెద్ద ఏమంటుందోనని అందరూ సత్యవేణి వైపు తిరిగారు. ఆవిడ కూర్చున్న చోటునుంచే, "ఆగిపోయింది ఒకటి నా గదిలోనే ఉన్నాది. దాంతో మొదలెట్టు" అంది.

ఆ తర్వాత ఇంకో నలుగురు చేతిపని అన్నారు. వాళ్ళలో ఒకమ్మాయికి వెల్డింగ్ కావాలట, అదీ నీళ్ళ కిందే. లేతుకు ప్రాణగండం తప్పింది. గట్టు మీద నాతో పనిచేసిన వెల్డర్ సుందరమ్మను పిలిపించమని సభను అడిగాను. సరేనన్నారు.

నమోదు 35

పొద్దున్న తలుపు తీసేసరికి పనిబడి ముందు ఊళ్ళోవాళ్ళు వరసగా నిలబడి ఉన్నారు. తుపానుకు విరిగినవి, అంతకుముందే మూలపడ్డవి, అన్నీ పట్టుకొచ్చారు. రెక్క ఊడిన ఫ్యాను, పిడి లేని మూకుడు, ఒంటికాలి కుర్చీ. ఏం చెప్పాలో నాకు పాలుపోలేదు. పిల్లలకు పాలుపోయింది. బల్ల ఒకటి గుమ్మంలోకి లాగి, దాలి దాని వెనక కూర్చుంది.

మొదట వచ్చింది ఒక ముసలావిడ. కొంగులోంచి ఇత్తడి కాఫీ గిన్నె తీసి బల్ల మీద పెట్టింది.

"ఏటైంది మామ్మా దీనికి?"

"ఏటవుతాది, కారతన్నాది. మా కోడలు పారీమంటాది. నాను పారీనన్నాను." ఇక ఆ గిన్నె ఎవరిచ్చారో, ఏ కాఫీలు కాచిందో, కోడలు ఎలాంటిదో మొత్తం చెప్పుకొచ్చింది. దాలి మధ్యలో అడ్డు రాకుండా విని, గిన్నెను వెలుతురుకు ఎత్తి పట్టుకుని చిల్లు వెతికింది. సన్నటి వెలుగు చుక్క దాలి బుగ్గ మీద పడింది.

"దొరికింది. సిన్నదే."

"అయితే ఎప్పుడు రమ్మంటావు?"

దాలి నా వైపు చూసింది. తనే చెప్పనీ అని నేను టీ గ్లాసులోకి చూస్తూ కూర్చున్నాను.

"రేపు పొద్దున్న రా మామ్మా" అంది దాలి. "ఇందులో కాఫీ కాసుకుని ఎల్దువుగాని."